నడుము దగ్గర మిగిలిన గుడ్డ

అమెరికా తొలినాళ్ళ వేషాలు కట్టే ఉత్సవం దగ్గరపడింది. అల్ఫారెట్టా అపార్ట్‌మెంట్‌లో, తను కుడుతున్న గౌనును అక్కకు తొడిగి చెల్లెలు గుండుసూదులు గుచ్చుతోంది.

"నడుము మళ్ళీ వదులైందక్కా."

"కీమో మహిమ. మెషీన్ మీద ఒక్క కుట్టు లాగేస్తే పోదూ?"

"మెషీనే లేని కాలపు గౌనిది. ఉత్సవంలో మన పక్క టెంట్ లిండా కుట్లు తిరగేసి మరీ చూస్తుంది."

"సరే, చేత్తోనే కానీ. ఆ మిగిలిన గుడ్డ కత్తిరించెయ్."

"వద్దు. లోపలికి మడిచి కుడతా."

"ఎందుకే? నేను వేసుకునేది ఈ ఒక్కసారేగా!"

చెల్లెలు కత్తెర పక్కకు నెట్టింది.

"జాకెట్టు లోపల గుడ్డ వదలమూ? అలాగే. వచ్చే ఏటికి నువ్వు ఒళ్ళు చేస్తే విప్పుకోవద్దూ?"

అక్క అద్దంలో చూస్తూ నడుము దగ్గరి మడతను తడిమింది.

"అయితే కుట్లు మరీ గట్టిగా వెయ్యకు."