సొట్ట తలుపు

బొమ్మ కార్లకు విడిభాగాలు చేసే పనివాడి బల్ల మీద ఆమె అరచేతంత ఎర్ర కారు పెట్టింది.

"ఎడమ తలుపు మార్చాలండీ."

"ఈ రకానికి తలుపులు దొరకవమ్మా. వేరే కారుది అరగదీసి అమర్చాలి. అయినా ఇది బాగానే ఉందిగా?"

"అదే ఇబ్బంది. సొట్టపడింది కావాలి. మా అన్నయ్య అసలు కారుకి నేను పెట్టిన సొట్టలాంటిది."

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల పనిలో సొట్ట కావాలని అడిగిన మొదటి మనిషి ఈమే.

"ఆయనకి కానుకా?"

"అవును. పాత ఇనుము కింద పడేసిన కారు కొని, పదేళ్లు బాగుచేసుకున్నాడండీ అన్నయ్య. అది రోడ్డెక్కిన మొదటిరోజే నేను నడిపి గేటుకి గుద్దాను. ఆరేళ్లుగా నాతో మాట్లాడటం లేదు."

"ఇది చూస్తే తిడతారేమో!"

"తిట్టాలంటే నోరు విప్పాలి కదండీ."

అతను పల్చటి రేకు, చిన్న సుత్తి దగ్గరికి లాక్కున్నాడు.

"సొట్ట ఎంత లోతుండాలో చెప్పమ్మా."