సీటీ కొడితే దిగినోడు

ఏం లూకా, గట్ల మొఖం మాడ్చుకోని వచ్చినవేంది? ఆటో సప్పుడు గాలేదు, ఏడ వెట్టినవ్? ఠాణాల పెట్టుకున్నరా! ఎందుకు? ఆగు, మెల్లగ చెప్పు, నాకు ఒక్క చెవే సక్కగ వినొస్తది. చౌరస్త కాడ పోలీసోడు చెయ్యి అడ్డం పెట్టిండు, నువ్వు ఆపినవ్. మంచిదే. ఆపినంక? దిగినవా? దిగి చేతులు కట్టుకోని నిలబడ్డవా? వాడు దిగుమన్నడా? అనలేదు గదా, మరెందుకు దిగినవ్ రా! దిగి నమస్తే పెడితే పోలీసోడు సల్లబడ్తడని మీ నాయిన చెప్పిండా? అబ్రహామా? వానికి చదువు చెప్పింది నేనే. గప్పుడు సుత ఎవరన్న గట్టిగ దగ్గితే బెంచీ కిందికి దూరుతుండె. వాడా నీకు నేర్పేది! ఆపితే ఆపు. బండ్లనే కూసో. కాగితం అడిగితే చేతికియ్యి. తప్పు చేస్తే చేసిన అను, చెయ్యకుంటే చెయ్యలేదను. బూతులు తిడితే, మీ పేరేంది సార్ అని అడుగు. గంతే. గీ వంగుడేంది, గీ చేతులు కట్టుడేంది? చేతులు కడితే వదిలిపెట్టిండా మరి? ఇంకో రెండు ఎక్కువ తిట్టి ఆటో గుంజుకోలే? నాకు ఒళ్ళు మండుతది గిసొంటివి వింటే. దస్తగిరి యాదికొస్తడు. కూసో, గా కుర్చీ ఇటు జరుపుకో.

దస్తగిరి నీకెట్ల తెలుస్తడు, నువ్వు పుట్టకముందే పోయిండు. మా మిషన్ బడి బస్సు నడిపేటోడు. సాయిబులే గని ఇంట్ల మాట్లాడేది తెలుగే. కాప్రల ఇల్లు, పొద్దుగాల్నే సైకిల్ మీద వచ్చి, బస్సు తుడిచి, హ్యాండిల్ తిప్పి స్టార్టు చేస్తుండె. గప్పటి బస్సులకు ముందల్నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలె బిడ్డా, నీ ఆటో లెక్క కాదు. గది వేడి మీదున్నప్పుడు బందయిందంటే ఇగ చూడు, దానికి బుద్ధి పుట్టినప్పుడే స్టార్టయితది. పిల్లలందరికి దస్తగిరి తాతే. తాత అంటె ఏం పండు ముసలోడు కాదు, మీసాలు తెల్లగయినయి, గంతే. నేను గప్పుడు కొత్తగ టీచరయిన. పిల్లలను ఇండ్ల కాడికెల్లి బడికి తెచ్చేటప్పుడు బస్సుల నేను కూసుంటుంటి. నన్ను ఆలిస్ టీచరమ్మా అని పిలుస్తుండె, మా నాయినంత ఉన్నడు, వద్దన్నా వినకపోతుండె.

బడికి రాకముందు ఆయన పట్నంల ఒక నవాబు బంగ్ల, దేవిడీ అంటరు, గండ్ల మోటర్ నడిపిండు. గది నైజాం రాజ్యం గదా. పెద్దోళ్ళ సవారి, అంటె నవాబులో వాళ్ళకన్న పైవాళ్ళో మోటర్ల పోతున్నరంటే, పోలీసు జవాను సీటీ కొట్టేటోడు. పీ అని ఒక్కటి. ఇగ రోడ్డు మీద ఉన్నోడు ఉన్నట్టే. మోటరోడు పక్కకు తీసుకోవాలె, ఇంజను బందు వెట్టాలె, దిగాలె, తలుపు పక్కన తల వంచి చేతులు కట్టుకోని నిలబడాలె. సవారి పోయినంక మళ్ళ సీటీ, గప్పుడు కదలాలె. ఒకనాడు దస్తగిరి ఆపిండట గని దిగలేదట, లోపల చిన్న పిల్లలున్నరని. జవాను బెత్తం తీసి మోచేతి మీద కొట్టిండు. చూపిచ్చిండు నాకు, చెయ్యి సక్కగ చాపితే అక్కడ వంకరుండె. గా దెబ్బతోటి ఇగ మనసు, మెదడు అవసరమే లేదు, సీటీ వినవడితే కాలే బ్రేకు మీదికి పోతుండె. మేం నవ్వేటోళ్ళం. స్టేషన్ల రైలు కూత పెడితే సుత దిగుతవా దస్తగిరీ అని నేను అంటే, "ఏం చేద్దు టీచరమ్మా, పెయ్యికి అలవాటయిపోయింది" అని ఆయన సుత నవ్వుతుండె.

ఇగ పోలీస్ యాక్షన్ అయింది. అంతకుముందు ఎండకాలమంతా పెట్రోల్ లేక బస్సు షెడ్డుల పండుకునే ఉండె. సెప్టెంబర్ల యూనియన్ మిలిట్రీ సికింద్రాబాద్ లష్కర్లకు వచ్చింది, తిరుమలగిరి బారకులన్నీ నిండినయి. మేం సంతోషపడ్డం, అబద్ధమెందుకు. రజాకార్లు చేసిన పాపం తక్కువదా? మా బడి ముందర జట్కా కట్టే పర్వతాలు అని ఒకడు ఉండె, ఊర్ల వాని తమ్మునింటికి అగ్గి పెట్టింది వాళ్ళే. దస్తగిరి గూడ తిట్టేటోడు వాళ్ళను, మా పేరు చెడగొడుతున్నరని. గని రాజ్యం మారంగనే చౌరస్తాలల్ల పోలీసులు మారిన్రు. కొత్తోళ్ళు. యాడికెల్లో తెచ్చిన్రు, సగం మందికి తొవ్వలు తెల్వయి, మన మాట తెల్వదు. బడి మళ్ళ షురూ అయిననాడు దస్తగిరి భార్య జైతున్ బీ మొత్తుకున్నదట, గా ఎర్ర రూమీ టోపీ పెట్టుకోని పోకున్రి, కాలం మంచిగ లేదు, జెర వినున్రి అని. ఈయన విన్నడా! "టోపీ లేకుంట బస్సెక్కితే నాకు బట్టలు లేకుంట ఎక్కినట్టుంటది" అన్నడట. గా టోపీయే కొంప ముంచింది. టోపీ కాదు లే, టోపీకేం తెలుసు. మంది కండ్లు ముంచినయి.

గా దినం రాంగోపాల్‌పేట్ల చౌరస్త. నిండ పిల్లలు, వెనుక సీట్ల చిన్నోళ్ళు పాట పాడుతున్నరు. చౌరస్త నడుమ చెక్క పెట్టె మీద ఒక కొత్త కానిస్టేబుల్, ఆంధ్ర దిక్కు మనిషి. వెనుకకెల్లి మిలిట్రీ లారీలు వస్తున్నయి, తొందరగ పోవాలె వాళ్ళకు. గందుకని రోడ్డు ఖాళీ చేసి ముందుకు పొండ్రి అని చెయ్యి ఊపుకుంట సీటీ కొట్టిండు. వాళ్ళ దిక్కు సీటీ అంటే నడువు అనట! మనకు సీటీ అంటే ఆగు. దస్తగిరి చెయ్యి చూడలేదు రా, చూసే అలవాటుంటే గదా. సీటీ విన్నడు. బస్సు పక్కకు తీసిండు, ఇంజను బందు వెట్టిండు, దిగిండు, తల వంచిండు, చేతులు కట్టిండు. అయిపాయె. గది అసలే ఇరుకు రోడ్డు, పక్కకు తీసినా సగం మా బస్సే ఉన్నది. ఆయనొక్కడేనా? కాదు! గా రోడ్డు మీద పాతోళ్ళందరు ఆగిన్రు. రిక్షావోళ్ళు దిగిన్రు, బండ్లోళ్ళు దిగిన్రు, మా వెనుక పర్వతాలు జట్కా ఆపి, కళ్ళెం పట్టుకోని, దిగి తల వంచి నిలబడ్డడు. మొత్తం రోడ్డు జామ్. మిలిట్రీ లారీలు వెనుక మొత్తుకుంటున్నయి. గా కానిస్టేబుల్ పెట్టె దిగి ఉరికొచ్చిండు. "ఏంట్రా, పొమ్మంటుంటే దిగి నిలబడతావేంట్రా? తియ్యరా బండి!" అని అరిచిండు. అరిస్తే ఈయన ఇంకింత కిందికి వంగిండు. పాపం, సవారి దగ్గరికొచ్చిందనుకున్నడు. వాడు చెయ్యి లేపి చెంప మీద కొట్టిండు. టోపీ పోయి మురికి మోరీల పడ్డది. పిల్లలు పాట బందు వెట్టి ఒక్కటే ఏడుపు.

నేను ఊకుంటనా? దిగిన. ఏమయ్యా, ముసలాయన మీద చెయ్యి చేసుకుంటవా, సిగ్గులేదా అని అడిగిన. "మీరెక్కండి మేడం, మీకు సంబంధం లేదు" అన్నడు. బస్సు నిండ నా పిల్లలున్నరు, నాకు సంబంధం లేదట! గంతల దస్తగిరి హ్యాండిల్ తీసుకోని ముందలికి ఉరికిండు. తిప్పుతున్నడు, తిప్పుతున్నడు. వేడి ఇంజను గది, అంటుకుంటదా? చెంప మీద అయిదు వేళ్ళు తేలినయి. ఆఖరికి సిపాయిలు దిగి బస్సును పక్కకు తోసిన్రు, లారీలు పోయినయి. కావాల్నని మిలిట్రీకి అడ్డం పెట్టిండు అని చెప్పి దస్తగిరిని పట్టుకపోయిన్రు. దస్తగిరిని ఒక్కన్నే. రోడ్డంత దిగితే ఒక్కన్నే! నేను పిల్లలను చేతులు పట్టుకోని నడిపిచ్చుకుంట బడికి చేర్చిన.

పగటాల్ల మా బడి గుమాస్తా నోవహు గారిని తోలుకోని ఠాణాకు పోయిన. ఆయన తొవ్వ పొడుగున ఒక్కటే గొణుగుడు, "మనం చర్చి సంఘపోళ్ళం టీచరమ్మా, మనకెందుకు గీ లొల్లి" అని. సంఘపోళ్ళమైతే కండ్లు మూసుకోమని యాడ రాసున్నదండి అని అడిగిన. ఠాణా వరండల దస్తగిరిని నిలబెట్టిన్రు. నోవహు గారు చెవుల చెప్పిండు, "బ్రేకు పట్టేసింది, గందుకే ఆగింది అని చెప్పు, వదిలిపెడ్తరు." దస్తగిరికి కోపమొచ్చింది! గంత దెబ్బ తిని, గంత భయంల సుత కోపమొచ్చింది చూడు. "బ్రేకు మంచిగున్నది నోవహు గారు, నిన్ననే విప్పి చూసిన. నా బండికి వంక వెట్టకున్రి" అన్నడు. ఏమనాలె గీ మనిషిని! ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడే, నాకు కుర్చీ ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు. గా మర్యాద చూస్తెనే నాకు ఇంకింత మండింది, ముసలోడు నిలబడే ఉన్నడు. "ఎందుకు దిగావయ్యా?" అని అడిగిండు. "సీటీ కొట్టిన్రు సాబ్." "కొడితే?" "సవారి వస్తుందేమో అనుకున్న." "ఎవరి సవారీ?" "ఎవరిదైతేంది సాబ్, పెద్దోళ్ళది." ఇన్‌స్పెక్టర్ నా దిక్కు చూసి నవ్విండు. "విన్నారా టీచర్ గారూ? రాజ్యం పోయినా వీడికింకా నవాబులొస్తారని ఆశ." నేను చెప్పిన, సార్, గది ఆశ కాదు, అలవాటు, బెత్తం దెబ్బ తిని నేర్చుకున్నడు, కావాల్నంటే చెయ్యి చూడున్రి అని. వంగనందుకు ఒక రాజ్యం కొట్టింది, వంగినందుకు మీరు కొడుతున్నరు, మరి ఈయనేం చెయ్యాలె అని మొఖం మీదనే అడిగిన. "మీరు చిన్నవారు, మీకు తెలీదు" అన్నడు.

గప్పుడు వచ్చిండు పర్వతాలు. ఎవరు పిలువలేదు, జట్కా బయట కట్టేసి, కండువ చేతుల వట్టుకోని లోపలికొచ్చిండు. "నేను సుత దిగిన దొరా" అన్నడు. "దస్తగిరి ఎట్ల నిలబడ్డడో నేను గట్లనే నిలబడ్డ. తప్పయితే నన్ను సుత లోపలెయ్యున్రి, లేకుంటే ఆయన్ని వదిలెయ్యున్రి." తమ్మునిల్లు కాలిన మనిషి రా గట్ల మాట్లాడింది. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, ఇగ అయిపాయె, వదిలిపెడ్తరు అనుకున్న. గంత సాక్ష్యమున్నంక ఇంకేం గావాలె? ఇన్‌స్పెక్టర్ వాని పేరడిగిండు. చెప్పిండు. కిందికెల్లి మీదికి చూసిండు. చూసి ఏమన్నడో తెలుసా? "నువ్వు పోవయ్యా, నీ పని చూసుకో. నువ్వు భయపడి దిగావు. వాడు పొగరుతో దిగాడు." ఒక్కటే సీటీ, ఒక్కటే రోడ్డు, ఇద్దరు తల వంచిన్రు, ఇద్దరు చేతులు కట్టిన్రు. ఒకనిది భయమట, ఇంకొకనిది పొగరట! యాడ కనవడ్డదయ్యా నీకు పొగరు, వంచిన తలల కనవడ్డదా, కట్టిన చేతులల్ల కనవడ్డదా? ఇప్పటికి సుత తల్సుకుంటే నా రక్తం మసులుతది లూకా. అడిగిన నేను, అడగలేదనుకోకు. అడిగితే లేచి నిలబడి, సరే టీచర్ గారూ వెళ్ళిరండి అన్నడు. నోవహు గారు నా కన్న ముందే గేటు దాటిండు.

చలికాలమంతా లోపలనే ఉంచిన్రు. జైతున్ బీ కాప్రకెల్లి నడుసుకుంట సద్ది తెస్తుండె, ఒకోసారి ఇయ్యనిస్తుండిరి, ఒకోసారి లేదు. ఎండలు షురూ అయినంక వదిలిపెట్టిన్రు, ఏ కేసూ లేదు, ఏ మాటా లేదు, పో అన్నరు. గుంజుకున్న లైసెన్స్ మటుకు తిరిగి ఇయ్యలే. నేను మస్తు తిరిగిన, గీ ఆఫీసు అంటే గా ఆఫీసు. గందుకే చెప్తున్న, నీ కాగితం వాని చేతుల వదిలి రాకు, రేపు నేనొస్త నీతోని. లైసెన్స్ లేనోనికి బస్సు యాడికెల్లి ఇస్తరు? బడోళ్ళు గేటు కాడ కావలి పనిచ్చిన్రు, అదన్న ఇచ్చిన్రు. బస్సుకు కొత్త డ్రైవర్ వచ్చిండు. రోజు పొద్దుగాల గేటు తెరిచి ఈయన పక్కకు నిలబడాలె, తన బస్సు తన ముందరకెల్లి పోతుంటే చూడాలె. ఏడ్వలేదు, తిట్టలేదు. గని నేను కిటికిలకెల్లి చూస్తుంటి, బస్సు వచ్చేటాలకు చేతులు యాడ వెట్టాల్నో తెల్వకపోతుండె ఆయనకు. ముందలికి కట్టుకునేటోడు, మళ్ళ తీసి వెనుకకు పెట్టుకునేటోడు, మళ్ళ తీసి పక్కలకు వదిలేటోడు. టోపీ సుత మానేసిండు.

ఒకనాడు బడి ఇడిసినంక నేను గేటు దాటుతుంటే పిలిచిండు. "టీచరమ్మా, మీరు గా దినం బస్సులకెల్లి చూసిన్రు గదా" అన్నడు. చూసిన దస్తగిరీ, అన్న. "నిజం చెప్పున్రి. పొగరుగ నిలబడ్డనా?" లేదు, నువ్వు గట్లెందుకు అనుకుంటవ్, నీ తప్పేం లేదు అని చెప్పిన. చెప్పినా ఆయన మొఖం మారలేదు. "మరి ఎట్ల నిలబడితే పొగరు గాదో మీరన్న చూపియ్యున్రి టీచరమ్మా. పిల్లలకు అన్నీ నేర్పిస్తరు గదా. నేర్చుకుంట" అన్నడు. గా వయసుల, గా తెల్ల మీసాలతోని, నా ముందల, గేటు పట్టుకోని.

నల్లాల నీళ్ళొచ్చినట్టున్నయి లూకా. పో, బిందె పెట్టిరా.