పదో స్క్రూ

గాజువాకలో మేడ మీద పాత లాప్‌టాప్‌ల కొట్టు. యజమాని వీర్రాజు. బల్లకి ఇవతల గంగరాజు, అతని కూతురు శ్రీసత్య. మధ్యాహ్నం రెండు దాటింది.

"నాలుగు సాలు పాపా అంటన్నాను గాని, ఎనిమిది లేదని అన్నానా నాను?"

"మావయ్యా, చాలడం చాలకపోవడం తరవాత. కొన్నప్పుడు ఇందులో మెమరీ ఎనిమిది జీబీ ఉంది. నువ్వే తెరిచి చూపించావు. ఇప్పుడు నాలుగే చూపిస్తోంది. మిగతా నాలుగూ ఏవీ?"

"ఒక్కోపాలి సరిగా సూపించదు. దుమ్ము పడితే..."

"దుమ్మేటి వీర్రాజూ, దుమ్ము! పిల్లలనుకున్నావా మమ్మల్ని? దీపావళికి కీబోర్డు మార్సమని నీకే కదా ఇచ్చాం. మూడ్రోజులు నీ కొట్లోనే ఉంది."

"నువ్వు కూకో బావా."

"కూకోను. పని ఒగ్గేసి ఒచ్చాను. షెడ్డులో నా కోసం ఎంత పని ఆగిపోయుందో నీకేటి తెలుసు."

"నాన్నా, కాసేపు ఉండు. మావయ్యా, నిన్న ఉద్యోగం పరీక్షలో ఇది రెండుసార్లు ఆగిపోయింది. కెమెరా ఆన్‌లో ఉండాలి, మైకు ఉండాలి, నా స్క్రీన్ వాళ్ళకి కనపడుతూ ఉండాలి, వీటన్నిటితో పాటు పరీక్ష. నాలుగులో అదంతా పట్టదు. నేను కదులుతున్నాను, కెమెరాలో నా బొమ్మ కదల్లేదు. అడ్డంగా ఫొటో పెట్టి వెనక ఇంకెవరిచేతో రాయిస్తున్నానని అనుకున్నారు వాళ్ళు."

"దొంగ అన్నారేటి నిన్ను?"

"అనలేదు నాన్నా. అనుమానం ఉంది అని మెయిల్ పెట్టారు. రుషికొండ ఆఫీసు ఆవిడ కాళ్ళా వేళ్ళా పడితే ఇంకో ఛాన్సు ఇచ్చింది. ఇవాళ మూడింటికి. అదే ఆఖరు."

"మూడింటికంటే ముప్పావుగంటే ఉంది. పోనీ పాపా, నా కొట్లోది ఏదో ఒకటి తీసి ఇచ్చేత్తాను. ఇక్కడే కూకొని రాసీ."

"కుదరదు మావయ్యా. ఏ మెషీన్ నమోదు చేశానో దాని మీదే రాయాలి. వేరేదయితే లోపలికే రానివ్వదు."

"ఇన్నావా వీర్రాజూ? నువ్వు పీకిన ముక్క తెచ్చి మళ్ళీ పెట్టీ. ఇంకేటీ అనం, ఎల్లిపోతాం."

"బావా. మాట సూసుకో."

"సూసుకోడానికేటుంది? నీ కాడికొచ్చిన ప్రతిదీ ఒక స్క్రూ తక్కువతోనే ఎల్తాది. స్క్రూ మింగేసినోడికి ముక్క మింగడం ఒక లెక్కా?"

"ఆ మాట నిజమే మావయ్యా. దీనికీ ఒకటి లేకుండానే ఇచ్చావు దీపావళికి. మూల కన్నం ఖాళీ. ఇంటికెళ్ళి నాన్నకి చూపించాను కూడా."

"సన్నపు స్క్రూలు పాపా. కింద పడితే దొరుకుతాయా. పదిట్లో తొమ్మిదున్నా సాలు, మూత కదలదు."

"నీకన్నీ సాలు. స్క్రూలు తొమ్మిది సాలు, మెమరీ నాలుగు సాలు. సిగ్గు ఎంత సాలు?"

"అరవకు బావా, కింద మందుల కొట్టుకి ఇనపడతంది. ఇటియ్యి పాపా, ఇప్పి సూద్దాం. ఒకటి... రెండు... ఈ మూలది..."

"ఏంటి మావయ్యా?"

"ఏటీ లేదు. ఏటీ లేదు పాపా. ఇదిగో, మూత ఒచ్చేసింది. ఇక్కడ సూడు. ముక్కలు పెట్టడానికి రెండు సోట్లున్నాయి కదా. ఒకటి ఖాళీ."

"ఖాళీ అని నాకూ కనపడుతోంది. ఉంటే ఒకటి పెట్టు."

"ఉంటే పెట్టనా? ఇప్పుడొత్తన్న వాటికి మెమరీ బోర్డుకే అతికేసి ఒత్తంది, పీకడానికి రాదు. ఇలాటి ముక్కలు దొరకడం లేదు. రెండు నెలల్లో రేటు మూడింతలయిపోయింది. ఎక్కడో కంప్యూటర్లకి గోడౌన్లు కడతన్నారంట, ఊరంతేసి. ముక్కలన్నీ అవే మింగేత్తన్నాయి. డాబాగార్డెన్స్ కంప్యూటర్ కొట్లలో దొరికినా ఇక్కడికి గంట."

"అయినా ఫోన్ చేసి అడుగు. నేను కిందకెళ్ళి రుషికొండ ఆవిడతో మాట్లాడతాను, రేపటికి మార్చమని. నా ఫోన్‌కి ఇక్కడ సిగ్నల్ రావట్లేదు."

"ఎల్లమ్మా. నాను ఈడి సంగతి సూత్తాను."

"నాన్నా, అరవకు."

"మా పిల్ల మెట్లు దిగిందా బావా?"

"దిగింది. ఇప్పుడు ఒచ్చిందా బావ అనే పిలుపు? ఇందాకంతా వీర్రాజూ వీర్రాజూ అని కొట్టు ఎగిరిపోయింది కదా."

"మెల్లగా మాటాడు."

"ఈ నెల ఒకటో తారీకు పొద్దున్న రుమాల్లో ముక్క కట్టుకొని నా కాడికొచ్చిందెవలు? షెడ్డులో పాత లాప్‌టాప్‌ది, ఓనరు అమ్మీమన్నాడు అన్నావ్. నమ్మేసాను. ఈ పిల్లదని ఒక్క ముక్క సెప్పేవా నువ్వు?"

"అంతకు ముందు వారం టీ కొట్టు కాడ అడిగాను కదా నిన్ను. నాలుగు సాల్తాదా అని."

"టైపింగుకి సాల్తాదన్నాను!"

"సాల్తాదన్నావా లేదా? నాను ఏడో క్లాసు తప్పినోణ్ణి బావా. నువ్వు సాలన్నావ్, నాను తీసాను. దేనికి సాలదో నాకేటి తెలుస్తాది."

"భలే. ఇప్పుడది కూడా నా నెత్తి మీదకే ఒచ్చింది. ఆ ముక్క ఆ సాయంత్రమే ఎలమంచిలి కుర్రోడెవలో పట్టుకుపోయాడు, మళ్ళీ రాదు. ఎందుకు తీసావ్? పన్లోకి ఎల్తన్నావ్ కదా."

"షెడ్డు మూసీసారు."

"ఏ షెడ్డు?"

"మాదే. ఆటోనగర్‌లోది. వినాయక చవితి ఎల్లిన మూడోనాడు తాళం ఏసారు."

"నాలుగు నెలలు కావొత్తంది. మొన్న కేరేజీ పట్టుకొని బస్సెక్కతంటే సూసాను నిన్ను."

"ఎక్కుతాను. ఆటోనగర్‌లోనే దిగుతాను. ఎదురుగా లారీలు ఆపుంటాయి కదా, ఆ నీడలో కూకుంటాను. మధ్యాన్నం కేరేజీ ఇప్పి తింటాను. అయిదయితే సేతులకి కాస్త గ్రీజు రాసుకొని ఇంటికెల్తాను."

"గ్రీజు రాసుకొని."

"మా ఇంటిది దేవి ముందు సేతులు సూస్తాది బావా, తరవాతే మొహం సూస్తాది."

"వేరే షెడ్డు అడగలేదా?"

"ఎన్ని అడిగాననుకున్నావ్. ఒక దాంట్లో ఏబయ్యేళ్ళకి దగ్గరపడ్డావ్ అన్నాడు. ఇంకోడు నా ఎదురుగానే నా కన్నా సిన్నోణ్ణి పెట్టుకున్నాడు. ఒకటో తారీకొచ్చింది, దాని సేతిలో ఏదో ఒకటి పెట్టాల. ఇంట్లో ఏది తీసినా కనపడిపోద్ది. ఇదొక్కటే లోపల ఉంటాది, బయటికి తెలీదు."

"బయటికి తెలీదా? ఇది సూడు. ఈ మూల స్క్రూ. నా కాడినుంచి ఎల్లిన్రోజు ఈ కన్నం ఖాళీ. ఇది ఇత్తడిది. తల అరగదీసి, కొలత సరిసేసి, నున్నగా పెట్టావ్. దొంగతనానికెల్లినోడు ఇల్లు తుడిసొచ్చినట్టుంది బావా నీ పని."

"ఖాళీ కన్నం సూసి ఊరుకోలేను. ఇరవయ్యేళ్ళుగా ఫిట్టర్ని. సెయ్యి ఊరుకోలేదు."

"మరి ముక్క తీసిన కన్నం? అది ఖాళీ కాదూ? పోన్లే. ఏటి సెయ్యమంటావ్ ఇప్పుడు?"

"నువ్వే తీసావని సెప్పీ."

"బావా."

"నీకు కొట్టుంది, నాలుగ్రోజులకి అందరూ మర్సిపోతారు. నాకు పిల్ల ఎదర ఈ మొహం తప్ప ఇంకేటుంది? ఈ ఉద్యోగం పోతే ఆ గుంట నన్ను... కాళ్ళు పట్టుకుంటాను బావా."

"లెగు. లెగు ముందు. పైకొత్తంది, సెప్పుల సప్పుడు."

"అవ్వదంట నాన్నా. మూడింటికి లోపలికి రాకపోతే పేరు తీసేస్తామన్నారు. మావయ్యా, డాబాగార్డెన్స్‌లో ఏమన్నారు?"

"లేదన్నారు. పాపా... ఒక మాట. ఆ ముక్క నానే తీసాను."

"నువ్వా?"

"దీపావళికి. రేటు పెరుగుతంది కదాని బుద్ధి గడ్డి తింది. నీకు నాలుగు సాల్తాదనుకున్నాను."

"సూసావా అమ్మా. నాను ముందే సెప్పలేదా? బావా బావా అని పిలిపించుకొని గొంతు కోసాడు. థూ. మనిషన్నాక సిగ్గుండాల."

"దీపావళికా మావయ్యా? నవంబరంతా దీని మీదే మాక్ టెస్టులు రాశాను. ఒక్కసారి కూడా ఆగలేదు."

"అది... అలాగే ఉంటాది పాపా. మెల్లిమెల్లిగా తెలుస్తాది."

"మెల్లిమెల్లిగా తెలుస్తుందా."

"అదేటమ్మా, ఆడే ఒప్పుకుంటే ఇంకా అడుగుతావేటి. టైమెంతయింది?"

"పావుగంట తక్కువ మూడు. నాలుగుతోనే రాస్తాను నాన్నా. కొట్టు వైఫై మీద ఇక్కడే కూర్చొని రాస్తాను. ఇంకేం చేస్తాం. మావయ్యా, మూత పెట్టేయ్."

"మిగతావన్నీ ఆపేసి అదొక్కటే తెరిస్తే సాలొచ్చు పాపా."

"నిన్నా అలాగే చేశాను. ఆగు. ఈ స్క్రూ ఎక్కడిది?"

"ఏ స్క్రూ?"

"ఇత్తడిది. ఇందులో పది ఉన్నాయి. నువ్వు తొమ్మిదే ఇచ్చావు."

"దొరికిందేదో ఇప్పుడే... నా డబ్బాలోది పాపా."

"డబ్బాలోదా? దీని తల ఎంత నున్నగా అరగదీసుందో చూడు. మావయ్యా, నీ కొట్లో ఆకురాయి ఉందా?"

"ఆకురాయి నా కొట్లో ఎందుకుంటాది."

"అమ్మ కుట్టుమిషన్‌కి మర పోతే నాన్న పెట్టింది ఇలాంటిదే. ఇలాగే ఇత్తడి. ఇలాగే నున్నగా."

"అమ్మా, టైమయిపోతంది. స్క్రూల లెక్క ఇప్పుడేటి."

"అవును. టైమయిపోతంది."

"వీర్రాజూ, బేగి బిగించు. పిల్ల పరీచ్చ..."

"ఒద్దు. కింద మందుల కొట్టుకి అన్నీ ఇనపడతన్నాయి. మావయ్య తొమ్మిదితో సరిపెట్టేత్తాడు. ఇటు రా, నువ్వే బిగించు నాన్నా. ఇవాళ ఇంకా సేతులకి గ్రీజు రాసుకోలేదు కదా, జారదు."