ఏడాదికొక్క వారం

నోరు తెరువు. ఇంకొంచెం. అగో, మల్ల కార్చినవ్! జావ గింత పల్చగ చేస్తే గూడ దిగదాయె నీకు. నిన్న పొద్దంత పక్కింటి ఏసుదాసు తినిపిస్తే మంచిగ తిన్నవంట. నా చేతిలకొచ్చేసరికి ఏమైతది?

గట్ల చూడకు. యాడికి పోయొచ్చినవని గదా? చెప్త, జర మూతి తుడవనియ్యి. పక్షవాతమొచ్చినకాడికెల్లి నువ్వు మాట్లాడవు, నేను మాట్లాడ్తున్న. ఇన్నేండ్ల సంసారంల గిది కొత్తనే నాకు. మంచిగనే ఉంది.

అనంతగిరి పోయొచ్చిన. ఆడ కూసోని నీ సంగతి గూడ తేల్చుకోనొచ్చిన, ఇగ నుంచి నువ్వు ఎవలింట్ల పండాల్నో. మెల్లగ చెప్త. ఉరుకులాడే పనేం లేదు గదా నీకు!

మొన్న బట్టల దుకాణంల రైక గుడ్డ కొంటె, పేరు రాసి డబ్బాల ఎయ్యమని చిట్టీ ఇచ్చిండ్రు. బహుమానం మీద ఆశ కాదు నాది. పొదుపు సంఘంల సంతకం కోసమని ముసలితనంల నేర్చిన అక్షరాలాయె, యాడ ఖాళీ గీత కనవడ్డా చెయ్యి గుంజుతది. దేవమ్మ అని రాసిన. ఎంత ముద్దుగొచ్చిందో 'మ' కింద 'మ'! జరసేపు దాన్నే చూస్కుంట నిలవడ్డ.

ఫోనొచ్చింది. "మేడం, మీకు గిఫ్ట్ తగిలింది. అనంతగిరి కాడ మా రిసార్టుకొచ్చి తీస్కపోండ్రి. గని భార్యాభర్తలు ఇద్దరు రావాలె. ఒక్కరొస్తే ఇయ్యం."

ఇద్దరంట! నిన్నెట్ల తీస్కపోవాలె? మంచంతోనా?

అందుకే శంకరమ్మకు ఫోన్ చేసిన.

కండ్లు గంత పెద్దగ చెయ్యకు. ఔ, వికారాబాద్ శంకరమ్మకే. నీ బండల లారీ తాండూర్ల నిండేది, వికారాబాద్‌ల ఖాళీ అయ్యేది. లారీ ఎంబడి నువ్వు. వారంల సగం నాకు, సగం ఆమెకు. నీ కాలు చెయ్యి పడిపోయింది ఆమె ఇంట్లనే. తెల్లారంగనే ఆటోల ఏసి పంపింది గదా, నీ గోళీలు ఒక కవర్ల, నీ చెప్పులు ఒక కవర్ల. "అక్కా, ఇగ నీదే" అని.

ఆమె మీద నాకు కోపముండె. గని ఇద్దరు రావాలె అంటిరి, ఇంకెవల్ని పిలువాలె? "చెల్లె, మొగుడు పెండ్లాం రావాల్నంట. మొగుడు రాలేడు. ఇంకో పెండ్లాం వస్తే నడుస్తదేమో" అన్న.  "తిండి పెడ్తరా?" అని అడిగింది.

పెట్టిండ్రు. పకోడి, బాదం పాలు. చల్లటి గదిల కూసోవెడితే, టై కట్టుకున్న పిలగాడొచ్చిండు. రిత్విక్ అంట. "మీ వారేరి మేడం?" అని నన్నడిగిండు. రాలేదన్న. "మరి మీ వారు?" అని శంకరమ్మనడిగిండు. "మా ఇద్దరికి ఒక్కడే" అన్నదామె, పకోడి నములుకుంట. పాపం, లేచి పోయి లోపలెవల్నో అడిగొచ్చిండు, గిది ఒక జంట లెక్కనా రెండు జంటల లెక్కనా అని.

ఒక్కటేనంట. ఇద్దరికి కలిపి బహుమానం ఒక్కటే కుక్కర్.

ఇగ నీ పేరడిగిండు. నేను ఆమెను చూసిన, ఆమె నన్ను చూసింది. మొగుని పేరు నోటెంట తియ్యొద్దని నాకు మా అవ్వ చెప్పింది. ఆమెకు గూడ ఎవలో చెప్పిండ్రు చూడు! "నువ్వు చెప్పక్కా." "నువ్వే చెప్పరాదు." ఆఖరికి పెన్ను నేనే తీస్కున్న. నోటితోని అనొద్దన్నరు గని చేత్తోని రాయొద్దని ఎవలన్లే. రాసిన. శంకరమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "గింతేనా?" అన్నది. "ఇంకా పెద్దగుంటదనుకున్న."

ఆ పిలగాడు మస్తు ఓపికతోని చెప్పిండు. బహుమానం పేరు జెప్పి పిలిచింది ఆడ గది అమ్మెతందుకంట. పైసలు కడ్తే గది మనదేనంట, గని ఏడాదిల ఒక్క వారమే. తతిమ్మ వారాలు తతిమ్మోళ్లయి.

"మరి ఊడ్సుడు, రంగులేసుడు?" అన్న.

"ఆ ఖర్చు ఏటేటా కట్టాలె మేడం. మీరొచ్చినా, రాకున్నా."

"పండుగలకు?" అన్నది శంకరమ్మ.

"పండుగలకు దొరుకుడు కష్టం మేడం."

"వద్దనిపిస్తే?"

"వాపస్ తీస్కోం మేడం. మీ తర్వాత మీ పిల్లలకొస్తది."

శంకరమ్మకు బాదం పాలు ముక్కులకెక్కినయి. ఏం నవ్విందనుకున్నవ్! నాకు గూడ ఆగలే. వాడు పరేషాన్. "ఏం లే నాయినా," అన్న, "గిసొంటిది మా కాడ పెండ్లైనకాడికెల్లి ఉన్నది."

గని నవ్వినంక నిజంగనే ఆలోచన చేసిన, కొనాల్నా వద్దా అని. సంఘంల దాసుకున్న పైసలున్నయి నాయి. కిటికీలకెల్లి అడివంత కనవడ్తుండె, పచ్చగ, సప్పుడు లేకుంట. బుద్ధెరిగినకాడికెల్లి నేనెప్పుడన్న ఒక్క దినం ఎవలకూ వండకుంట కూసున్ననా? ఆడ ఎవలో పక్క పరుస్తరంట, ఎవలో చాయ తెస్తరంట. కొన్ని దినాల కోసం తతిమ్మ దినాలన్ని ఎదురు చూసుడంటవా, అది నాకు అలవాటే.

చూపిచ్చిన గదిల అద్దం మీద ఒక బొట్టుబిళ్ల అంటుకోనుండె. ముందటి వారమోళ్లది. ఇద్దరం ఆడ్నే ఆగినం.

"నీ బిళ్ల ఒకపారి ఆయన అంగీకి అంటుకోనొచ్చింది చెల్లె" అన్న. "లోపలి దిక్కు."

"ఎరుకే అక్కా. నేనే అంటిచ్చిన."

నేను దాన్ని పారెయ్యలే ఆ దినం. తీసి మల్ల నీ జేబుల్నే ఏసి పంపిన. "దొరికిందా?" అన్న. "దొరికింది" అన్నది. అద్దం మీది బిళ్లను గోరుతోని గీకి పడేసింది.

గప్పుడే వద్దనుకున్న. ఆ పిలగానికి చెప్పిన, "మనయి కాని దినాలే ఎక్కువుంటయి నాయినా గిండ్ల. ఆ దినాలల్ల తలుపెవలు తీస్తున్నరో అని మనసు ఈడనే తిరుగుతది. వద్దు."

కుక్కర్ ఒడిల పెట్టుకోని బయట మెట్ల మీద కూసున్నం. నీ సంగతి తీసిన. సగం దినాలు నువ్వుంచుకో అన్న. నాకొద్దు అన్నది. "వాపస్ తీస్కోరు గదా" అన్న. నవ్వి ఒప్పుకుంది. అమాస నుంచి పున్నం దాంక ఆమె, పున్నం నుంచి అమాస దాంక నేను. ఇంతల వేళ్లు మడిచి చూసి లొల్లి షురూ చేసింది.

"ఉగాది, బతుకమ్మ, దసర, అన్ని నా దిక్కే పడ్తున్నయి గదనే అక్కా! పండుగపూట మంచంల మనిషిని నేనేం జేస్కోవాలె? ఇన్నేండ్లు పండుగలకు నీ కాడనే ఉండె గదా, నువ్వే ఉంచుకో."

నా కాడనా?

"నా కాడెప్పుడుండె చెల్లె? పండుగంటే నీ కాడికే వస్తుండె గదా, లారీ లేకున్నా?"

ఒకలి మొకం ఒకలం చూస్కున్నం. గాలి మస్తు చల్లగుండె ఆడ.

యాడుంటివి దసరనాడు?

చెప్పరాదు! గొంతుల గురగుర అంటది, కండ్లళ్ల నీళ్లొస్తయి, గదే నీ జవాబు. బిడ్డ పుట్టిన ఏడు గూడ జమ్మి ఆకు పట్టుకోని గడపల కూసున్న నేను, శంకరమ్మ కాడున్నడు తియ్యి అని. ఆమె ఆడ కూసున్నది, పెద్ద పెండ్లాం గదా, పండుగ ఆమెదే తియ్యి అని. మూడో వాటా ఎవలది? పేరన్న చెప్తే ఆమెనే పిలుద్దుము, మంచానికి ఇంకో పట్టు దొరుకుతుండె.

ఇగ ఇను. మామూలు దినాలు పంచుకున్నం. పండుగలు ఎవలయీ కావు. వికారాబాద్‌ల పైసలు తీస్కోని ముసలోళ్లను ఉంచుకునే ఇల్లొకటున్నది, దసరకు నిన్ను ఆడ దింపుతం. నేను, శంకరమ్మ అనంతగిరి పోతం. ఆ రిసార్టు కాదు, దాని పక్కనే చిన్నదొకటుంది. కిరాయికి. కొనలే, ఫికర్ చెయ్యకు.

పండుగలకు నువ్వు యాడుంటివో ఇన్నేండ్లు మేమడగలే. ఈ దసరకు మేము యాడున్నమో నువ్వడగకు.

ఒక్క బుక్క మిగిలింది. మూతి బిగవట్టకు. ఏసుదాసు చేతిల ఎందుకు దిగుతదో, నా చేతిల ఎందుకు దిగదో నాకెరుకే. ఆయన ఉప్పేస్తడు. నేను ఎయ్య. డాక్టరేం వద్దన్లే.

మింగు, భీమప్పా.