వీధిదా, ఇంటిదా

హలో… ఆ, చెప్పండి, మాట్లాడేది నేనే… ఏ ఆసుపత్రి?… పశువుల ఆసుపత్రా. నాకు పశువులేం లేవే…

కుక్క మెడలో బెల్టా?… దాని మీద ఫోన్ నంబరు నేను రాసిందే తల్లీ. అంకెలు వంకరటింకరగా ఉంటాయి, ఏమనుకోకండి. 'కరవదు' అని రాసిందీ నేనే… అక్షరం తప్పు పోయిందా?… పోనీలెండి, అర్థమైంది కదా. మా ఆయన పోయాక, అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు. చదవాలన్నా రాయాలన్నా నిదానం నాకు.

అది సరే, దానికేమైంది? బండి కింద గానీ పడిందా?…

అమ్మయ్య… మీ వ్యాన్ వాళ్లు పట్టుకొచ్చారా. వీధికుక్కలకి ఉచితంగా ఆపరేషన్ చేస్తున్నారా… పిల్లలు పుట్టకుండా… చెయ్యండి తల్లీ, తప్పకుండా చెయ్యండి. పోయినసారి అయిదు పెట్టింది. ఒక్కటీ దక్కలేదు, అన్నీ రోడ్డు పాలు. అది మాత్రం ప్రతి సందూ వాసన చూస్తూ తిరిగింది, చూడలేకపోయాను.

నొప్పి తెలియదుగా?… మత్తిస్తారా, మంచిది… చెవి కొన కోస్తారా? ఎందుకు?… ఓ, ఆపరేషన్ అయినట్టు గుర్తా. కొంచెమే కొయ్యండి, అసలే అందగత్తె కాదు.

పేరా? ఒకటా రెండా. మా వీధి టైలరు 'మేనేజరు' అంటాడు, పొద్దున్నే ప్రతి గుమ్మం తనిఖీ చేస్తుందని. బడిపిల్లలు 'బిస్కెట్టు' అంటారు. నేను 'ఒసేయ్' అంటాను. ఏమని పిలిచినా వస్తుంది.

ఇంటిదా వీధిదా అంటే… ఏం చెప్పను… నేనిప్పుడు ఆ వీధిలో లేను తల్లీ. నేనుండే గది అమ్మేశారు. మా అక్క కూతురు వచ్చి తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చేముందు ఆ బెల్టు కట్టాను, ఎవరూ కొట్టకుండా.

పట్టుకున్న చోటే వదలాలా?… కొత్తచోట మిగతా కుక్కలు బతకనివ్వవు, నిజమే…

మరి… నాదని చెబితే?

నాకిచ్చేస్తారా… నిజంగానా?… నాదే తల్లీ. రాసుకోండి, నాదే. ఎప్పుడు రమ్మంటారు? ఇప్పుడే బయల్దేరతాను. చెప్పులు ఎక్కడ పెట్టానో… ఆ, వింటున్నాను, అడగండి.

అక్క కూతురు, అల్లుడు, నేను. వాళ్లిద్దరూ ఉద్యోగాలకి పోతారు… ఒప్పుకుంటారు. అడగాలి… అడిగితే ఒప్పుకుంటారు.

నాలుగో అంతస్తు… లిఫ్టుంది గానీ నాకు ఆ మీటలంటే భయం. మెట్లే దిగుతాను… రోజూ కాదు. ఆదివారం… అన్ని ఆదివారాలూ కాదు.

వరండా లేదమ్మా. కిటికీ ఉంది… ఏం కనబడుతుంది, ఎదురు మేడ గోడ.

ఒంటరిగానా? అసలు ఉండదు. కాసేపు టైలరు మిషను కింద, కాసేపు ఇస్త్రీ కొట్టులో, బడి వదిలితే పిల్లల వెనక… ఇక్కడ పగలంతానా… నేనుంటాను.

ఆ… నేనొక్కదాన్నే… లేదు, పక్కింటివాళ్లతో ఇంకా మాట కలవలేదు. వచ్చి ఏడాది కావస్తోంది…

చెప్పులు దొరికాయి తల్లీ. తీసిన చోటే పెట్టేస్తున్నాను…

డాక్టరమ్మా… దాన్ని అక్కడే వదిలెయ్యండి.

లేదు లేదు, మీరేం అనలేదు. మీరు అడిగారు, నేను చెప్పుకుంటూ పోయాను, అంతే… వీధిదనే రాయండి. కుట్లు మానాక టైలరు కొట్టు ముందు దింపండి. బడి వదిలే వేళకైతే మంచిది, పిల్లలుంటారు…

చూడ్డానికా… వెళ్తే బస్సు దాకా వెంటపడుతుంది. దాన్ని మళ్లీ వెనక్కి తరమాలి. నావల్ల కాదు.

ఎవరు చెప్పారో రాసుకోవాలా… ఆ వీధిలో అందరూ పిన్నమ్మ అనేవారు… ఇక్కడా? ఇక్కడ ఇంట్లోవాళ్లు తప్ప పిలిచేవాళ్లు లేరు. పిన్నమ్మ అనే రాయండి. అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడుండేది మార్కెట్టు వెనక పెద్ద మేడ, నాలుగో అంతస్తు, ఎడమవైపు చివరి తలుపు… రాసుకున్నారా…

ఇంకేమైనా అడగాలా?…

లేదా… సరే తల్లీ. ఉంటాను.