ఆ కొసకు మనిషి

గీ బొమ్మ నేను చెప్పినట్టే ఉన్నదని సంతకం పెట్టాల్నా, తమన్నా బిడ్డా? పెట్ట! ఎన్నిసార్లడిగినా పెట్ట. జర ఆ పోన్ సంచిల ఏసి నా దిక్కు చూడు.

నేనేం చెప్పిన, మీరేం గీసిండ్రు? నువ్వు సదివే యూనివర్సిటోళ్ళు, ఎవలో కంపెనోళ్ళు కలిసి మమ్ములను పెద్ద హాల్ల కూసోబెట్టి అడిగిండ్రా లేదా? 'పెద్దమ్మా, ఇరవై ఐదేండ్లకు మన వరంగల్ ఎట్లుండాలె? నీ మనసుల ఉన్నది చెప్పు' అని. మైకు చేతికిస్తే నాకు చెమటలు పట్టినయ్. కొత్తవాడల జంపఖానాలు నేసుకునేదానికి ఇరవై ఐదేండ్ల ముచ్చటేందమ్మా! అప్పటికి నేనుంటనా?

అయినా చెప్పిన. నాది ఇద్దరు కూసునే మగ్గం. ఈ కొసకెంచి నేను పోగు చుట్టిన నాడె తోస్తె ఆ కొసకు ఇంకో మనిషి అందుకోవాలె. మహబూబ్‌బీ, నేను పందొమ్మిదేండ్లు గట్లనే నేసినం. మొన్న వానకాలం ఆమె కాలం జేసె. అప్పటిసంది మగ్గం మీద బొంత కప్పిన. 'ఆ కొసకు ఎవలన్న ఉండాలె' అన్న. గంతే అన్న.

కంపెనీ సారు పసుపుపచ్చ చిట్టీ మీద ఏదో రాసి గోడకతికిచ్చిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను గుడ మురిసిన, పిచ్చిదాన్ని. ఇయ్యాల ఈ బొమ్మ తెస్తివి. ఆ కొసకు ఇనుప చెయ్యి! మిషిను! పైంగ నాకు కొత్త చీర గుడ కట్టిండ్రు.

నవ్వకు. మిషిను నాడె అందుకుంటది, కాదంటలేను. పోగు తెగితె తిడ్తదా? మహబూబ్‌బీ తిట్టేది, 'పోగు కట్టు అక్కా, నీ ధ్యానం యాడుంది?' అని. రంజాన్ నెలల పొద్దంత ఆమె నోట్ల చుక్క నీళ్ళు పోసుకోకపోయేది. ఆమె ముందట ఎట్ల తాగుదునని నేను చాయ్ పక్కకు పెడితె, 'చల్లారుతాంది, తాగు' అని మళ్ల తిట్టేది. గా తిట్లు మిషిన్ల పెడ్తరా?

ఏందీ, ఆఖరు ప్రశ్ననా? అవ్, నీకు గదే గావాలె. హాల్ల మీరిచ్చిన పది ప్రశ్నల కాయిదం, తొమ్మిదింటికి రాసిచ్చిన, ఒక్కటి ఖాళీ. 'రేపటి ఊర్ల మీకు అన్నిటికంటె ఏం గావాలె?' దానికోసం మంగళారం వస్తివి, బేస్తారం వస్తివి, ఇయ్యాలటితోని మూడుసార్లు.

ఒక్క మాట చెప్త, కోపానికి రాకు. మంగళారం కండ్లద్దాలు పలిగినయన్న గదా? పలగలే. బియ్యం డబ్బల దాసిన. బేస్తారం తలకాయ నొస్తాందన్న. అది గుడ అబద్ధమే.

ఏడో తరగతి దాంక సదివిన, రాయరాక కాదు బిడ్డా. హాల్ల పెన్ను చేతిలనే ఉండె, జవాబు నోట్లనే ఉండె. అప్పుడే మీ సారు మైకుల అనె, 'ఖాళీలు మిగిలినోళ్ళ ఇంటికి మా పిల్లలే వస్తరు' అని. గంతే, పెన్నుకు మూత పెట్టిన.

ఏం జేయాలె మరి? మీటింగుకు ముందు పది దినాలు నువ్వు రోజు పోన్ జేసినవు. 'పెద్దమ్మా, తిన్నవా? వస్తవు గదా?' అని. మీటింగు అయిపోతె పోన్ గుడ బందైతదని నాకెరికే, అట్లనే ఆయె. నాకు ఒంటిగ అన్నం సయిస్తలేదు.

లేవకు, జరసేపు. బొంత తీస్త, ఆ కొసకు కూసో. నాడె వస్తాంది, పట్టు... అగో! మళ్ల నా దిక్కు తొయ్యి. ఆమె లెక్క కాదు గని, వస్తది నీకు.

సరే, రాసుకో. ఆ కొసకు మనిషి గావాలె. మిషిను కాదు, మనిషి. కింద గీత గుడ కొట్టు.

రాసినవా? ఇగ అయిపాయె. ఖాళీలేం లేవు, నువ్వు వచ్చే పని గుడ లేదు. చాయ్ అన్న తాగి పో.