గుహలో ఎవరు?

తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కథ ఆడుకునే బల్ల అది. ఆట నడిపే తమ్ముడు పాచికలు డబ్బాలో సర్దేస్తుంటే, అక్క వచ్చి ఖాళీ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది.

"ఈ వారమూ ఎవరూ రాలేదా?"

"అందరికీ పనులట."

"పనులూ లేవు, పాడూ లేదు. ఆటలో వాళ్లు ఎటు వెళ్తామన్నా నువ్వనుకున్న దారికే లాక్కొస్తావు. ఇంక వాళ్లెందుకురా నీకు?"

తమ్ముడు పాచికలు మళ్లీ బయటికి తీశాడు.

"సరే, నువ్వాడు. గుహ ముందున్నావు. లోపల రాక్షసుడు. ఏం చేస్తావు?"

"కత్తి తియ్యను. లోపల ఒక్కడివే ఉన్నావా అని అడుగుతా."

యుద్ధానికి తప్ప అతను దేనికీ సిద్ధపడలేదు. రాక్షసుడి గొంతు పెట్టబోతే తన గొంతే వచ్చింది.

"ఒక్కణ్ణే అక్కా."